పోయాడా, వెళ్ళాడా

అమ్మ డార్విన్‌లో ఇల్లు ఖాళీ చేస్తూ, అక్కర్లేనివన్నీ అక్కడే పడేసి, అక్కరకొస్తాయో రావో తేల్చుకోలేనివి మాత్రం రెండు అట్టపెట్టెల్లో సర్దుకుని, దేశానికి ఆ కొసన దక్షిణాన ఉన్న మాసన్ లేక్స్‌లో మా ఇంటికి వచ్చింది. నాన్న పోయి ఏడాదిన్నర అయింది. ఇల్లు అమ్మకానికి పెట్టి కొన్నాళ్ళు నా దగ్గర ఉంటే, ఆ తర్వాతి సంగతి తర్వాత చూసుకోవచ్చని అనుకున్నాం. పెట్టె విప్పితే నాన్న పాత కళ్ళజోళ్ళు మూడు, నా స్కూలు ఫొటోలు, ఎందుకు తెచ్చిందో తనకే తెలియని ఒక టీవీ రిమోటు, వాటన్నిటి అడుగున పచ్చ అట్ట నోటుబుక్కు. తెరిచేసరికి అమ్మమ్మ చేతిరాత కనిపించింది. గుండ్రటి అక్షరాలు, తిన్నని వరసలు, ఎడమపక్క రెండు వేళ్ళ మార్జిను. మొదటి వాక్యం, “రంగడు నదిని వెతుక్కుంటూ ఇల్లు విడిచి బయల్దేరాడు.” ఆ రంగడెవరో, ఆ నది ఏమిటో నాకూ అమ్మమ్మకూ తప్ప మూడో మనిషికి తెలియదు. అతను ఒక కంప్యూటర్ ఆటలో హీరో. అసలు పేరు వేరే ఏదో ఉండేది, నోరు తిరగడం లేదని అమ్మమ్మ మార్చేసింది.

నేనిప్పుడు అలాంటి ఆటల్లోనే ఉద్యోగం చేస్తున్నాను. కత్తులు, మంత్రాలు, రాజ్యాలు ఉండే ఆటలకు కథ రాసే బృందంలో పొంతన చూడటం నా పని. అరవై గంటలు ఆడే కథను పదిమంది కలిసి రాస్తారు కాబట్టి, ఒకరు చంపేసిన మనిషిని ఇంకొకరు తెలియక సంతలో నిలబెడతారు. ఒక ఊళ్ళో ఎడమ కన్ను పోగొట్టుకున్న సేనాపతి ఇంకో ఊళ్ళో కుడి కంటికి పట్టీ కట్టుకుని వస్తాడు. తల్లి కంటే కూతురు ముందు పుడుతుంది. ఇలాంటివి ఏరి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చెప్పడానికి నాకు జీతమిస్తారు. ఊళ్ళోవాళ్ళ కథలన్నీ దిద్దే నేను మా ఇంట్లో జరిగిన ఒక్క కథకు మాత్రం పొంతన కుదర్చలేకపోతున్నాను. పదకొండేళ్ళ వయసులో నేనన్న ఒక మాట వల్ల మా అమ్మమ్మకు మతి తప్పుతోందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు, ఆవిడను మా ఇంట్లోంచి పంపేశారు. తప్పు నాదని తెలిసీ నేను నోరు విప్పలేదు. ఇన్నేళ్ళూ నాకు తెలిసిన కథ ఇదే. ఆ నోటుబుక్కు తెరిచాక ఇదైనా నిజమో కాదో తెలియకుండా పోయింది.

డార్విన్‌లో మాది స్తంభాల మీద నిలబెట్టిన ఇల్లు. కింద కారు, బట్టలారేసే తీగలు, పైన మేము. కిటికీలకు తలుపుల బదులు అడ్డంగా అద్దపు పలకలు ఉండేవి. వాటి సందుల్లోంచి వాన వాసన, పక్కింటివాళ్ళు బార్బెక్యూ పెట్టుకుంటే మాంసం కాలే వాసన, పెరట్లో రాలి పులిసిన మామిడిపళ్ళ వాసన అన్నీ కలిసి లోపలికి వచ్చేవి. వెట్ సీజన్ అని పిలిచే వానాకాలం మొదలైందంటే ఇంట్లో ఏదీ ఆరేది కాదు. తువ్వాళ్ళకు బూజు, పుస్తకాలకు బూజు, చెప్పులకు బూజు. అమ్మమ్మ మాత్రం పొద్దున్నే ఇంగువ వేసి పోపు పెట్టి ఆ వాసనలన్నిటినీ కాసేపు బయటికి తరిమేసేది. నాన్న ఎముకల డాక్టరు, అమ్మ మత్తు డాక్టరు. ఇద్దరివీ ఆస్పత్రి డ్యూటీలు, ఒకరు మెట్లెక్కుతుంటే ఇంకొకరు దిగేవారు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండేది అమ్మమ్మ ఒక్కతే. తాతయ్య పోయాక, నన్ను చూసుకోవడానికని అమలాపురం నుంచి వచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు తెలుగు అంతంతమాత్రం. అమ్మానాన్నలు తెలుగులో అడిగితే నేను ఇంగ్లీషులో జవాబిచ్చి తప్పించుకునేదాన్ని. అమ్మమ్మ దగ్గర ఆ పప్పులేవీ ఉడికేవి కావు. నాకు వచ్చిన తెలుగంతా ఆవిడ దగ్గర అన్నం తింటూ నేర్చుకున్నదే.

ఆ ఆట నాన్న నా పుట్టినరోజుకి కొన్నాడు. హోంవర్కు అయ్యాక ఒక గంట ఆడుకోవచ్చని అమ్మ షరతు. కంప్యూటరు హాల్లో, ఫ్యాను కింద ఉండేది. నేను ఆడుతుంటే అమ్మమ్మ పక్కన కుర్చీ వేసుకుని బెండకాయలు తరుగుతూనో, బియ్యంలో రాళ్ళు లేకపోయినా అలవాటు కొద్దీ ఏరుతూనో కూర్చునేది. ఇప్పటి ఆటల్లోలాగా మనుషులు మాట్లాడేవారు కాదు, బొమ్మ కింద ఇంగ్లీషు వాక్యాలు వచ్చేవి. “ఏమంటున్నాడే?” అని అమ్మమ్మ అడిగేది. నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. మొదట్లో నా గోల మాన్పడానికి అడిగిందేమో గాని, వారం తిరిగేసరికి నేను స్కూలు బ్యాగు దించకముందే “నది దొరికిందా లేదా, పద చూద్దాం” అని నన్నే తొందరపెట్టేది. ఏ రోజు కథ ఆ రోజు నోటుబుక్కులో రాసుకునేది. పైన తారీకు వేసేది కాదు. కథకు తారీకు ఎందుకే, అనేది.

ఆవిడకు రాయడం కంటే దిద్దడం అలవాటు. అమలాపురంలో తాతయ్యకు చిన్న ప్రెస్సు ఉండేదిట, శుభలేఖలు, కరపత్రాలు వేసేవారు. ప్రూఫులు చూసే పని అమ్మమ్మది. శుభలేఖలో అక్షరం తప్పు పడితే జనం నవ్వి ఊరుకుంటారు, వరస తప్పితే మాత్రం పెళ్ళివారు ప్రెస్సు మీదికి వస్తారని చెప్పేది. ఒకసారి కంపోజిటరు పొరపాటున పెళ్ళికూతురి తాతగారి పేరు ముందు కీ.శే. అని పెట్టేశాడు. ఆ పూట అమ్మమ్మకు జ్వరం, ప్రూఫు చూడలేదు. శుభలేఖలు ఊరంతా పంచాక ఆ తాతగారే గొడుగు టకటకలాడించుకుంటూ వచ్చి, “ఏమమ్మా, నన్ను కీర్తిశేషుణ్ణి చేసింది మీరేనా?” అని అడిగారట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా అమ్మమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది, చివర్లో మాత్రం “పాపం, పెద్దాయన మొహం చిన్నబోయిందే” అని ఊరుకునేది.

ఆ కంటితోనే ఆటను చూసేది. రాక్షసులు తగలబెట్టిన ఊరికి రంగడు తిరిగి వెళ్తే, ఆ బూడిదలో రొట్టెల కొట్టువాడు నిలబడి, ఇవాళ వాతావరణం బాగుంది అన్నాడు. “ఊరు కాలిపోతే వీడికి పొయ్యెక్కడిదే?” అంది అమ్మమ్మ. పిల్లల్లేరని రెండో అంకంలో ఏడ్చిన రాణికి నాలుగో అంకంలో పెళ్ళికెదిగిన కూతురుంది. “పెంచుకుందేమో అమ్మమ్మా” అన్నాను. “పెంచుకుంటే చెప్పాలి కదా, చెప్పకపోతే మనకెలా తెలుస్తుంది?” విరిగిపోయిన కత్తి మర్నాటికి అతుక్కుని ఉంటే, దాని పక్కన మార్జినులో ఎర్ర పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టింది. ఇక బల్లుల సంగతి. మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట నిజమని ఆవిడ నమ్మకం. డార్విన్ బల్లులకు పొద్దస్తమానం పలకడమే పని. నేను ఏ అబద్ధం చెప్పినా గోడ మీద నుంచి ఒకటి టక్కుటక్కుమనేది. “ఈ దేశంలో బల్లులకు కూడా నీతి లేదు” అని విసుక్కునేది.

ఇంతకీ నా తెలుగు. మా నాన్నది కరీంనగర్, అమ్మది అమలాపురం. నాన్న “పోయిండు, వచ్చిండు” అనేవాడు. అమ్మమ్మ, అమ్మ “వెళ్ళాడు, వచ్చాడు” అనేవారు. నాన్న డ్యూటీకి బయల్దేరుతూ “పోతున్న అత్తమ్మా” అంటే అమ్మమ్మ ఉలిక్కిపడి, “వెళ్ళొస్తాననండి బాబూ” అనేది. అది వాళ్ళిద్దరికీ రోజూ ఉండే వేడుక అనుకున్నాను తప్ప, దానికో అర్థముందని నాకు తట్టలేదు. నేను నాకు తోచిన సూత్రం ఒకటి కనిపెట్టాను. నాన్న వచ్చిండు అంటే అమ్మమ్మకు వచ్చాడు అని చెప్పాలి. నాన్న చూసిండు అంటే అమ్మమ్మకు చూశాడు అని చెప్పాలి. చివర మారిస్తే చాలు, అమ్మమ్మ మెచ్చుకుంటుంది. ఆ లెక్కన నాన్న పోయిండు అంటే అమ్మమ్మకు పోయాడు అనాలి. నేను పోయిండు అనే చెప్పి ఉంటే, అల్లుడి మాటకు అలవాటుపడిన చెవి కాబట్టి ఆవిడ సరిగ్గానే అర్థం చేసుకునేది. ఆవిడను మెప్పించబోయి అంత పని చేశాను.

ఆటలో రంగడికి విద్య నేర్పిన ఒక ముసలాయన ఉండేవాడు. కొండమీద గుడిసె, పక్కన మేక. ఒకరోజు రంగడు వెళ్ళేసరికి గుడిసె ఖాళీగా ఉంది. కింద ఇంగ్లీషులో ఓల్డ్ మాన్ ఈజ్ గాన్ అని వచ్చింది. “ఏమైందే?” అంది అమ్మమ్మ. “ముసలాయన పోయాడు” అన్నాను. ఆవిడ చేతిలో కత్తి పక్కన పెట్టి, “అయ్యో, ఎలా పోయాడు?” అంది. ఎలా వెళ్ళాడో ఆటలో రాయలేదు, బహుశా నడిచే వెళ్ళి ఉంటాడు. “తెలీదు అమ్మమ్మా, ఒక్కడే పోయాడు” అన్నాను. “ఒక్కడే, పాపం. దగ్గర ఎవరూ లేకుండా.” ఆ సాయంత్రం ఆవిడ కాఫీ తాగలేదు. కథలోవాడైనా గురువు గురువే అంది. ముసలాయన ఊరెళ్తే అమ్మమ్మ కాఫీ మానెయ్యడమేమిటో నాకు అంతుపట్టలేదు, పెద్దవాళ్ళ ఉపవాసాల్లో ఇదొకటి కాబోలనుకుని నా కాఫీబిస్కెట్లు నేను తిన్నాను.

నెల దాటాక రంగడు ఒక రేవుకు చేరుకున్నాడు. అక్కడ ముసలాయన పడవ కట్టేసి నిలబడి ఉన్నాడు. ఆ సాయంత్రం అమ్మా నాన్నా ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు, మా ఇంట్లో అది అరుదు. నలుగురం భోజనాలకు కూర్చున్నాం. పప్పు వడ్డిస్తూ అమ్మమ్మ, “ఇవాళ ముసలాయన కనిపించాడే లలితా” అంది. లలిత మా అమ్మ పేరు.

“ఎవరమ్మా?” అంది అమ్మ.

“ముసలాయనే. పోయాడు కదా మొన్న. ఇవాళ నిక్షేపంలా నించున్నాడు. మాట్లాడాడు కూడానూ.”

అమ్మ తినడం ఆపేసింది. ఇక్కడొక మాట చెప్పాలి. తాతయ్యను తలుచుకున్నప్పుడల్లా అమ్మమ్మ “మా ముసలాయన” అనేది. నాన్న అమ్మ వైపు చూసి, చాలా మెత్తగా, “ఏమన్నడు అత్తమ్మా?” అని అడిగాడు.

“పడవ సిద్ధంగా ఉంది, ఎక్కెయ్ అన్నాడు బాబూ.”

“అమ్మా, ఇవాళ ఏం వారం?” అంది అమ్మ.

“ఈ వానల్లో ఏ వారమైతే ఏంటే? గురువారం.”

మంగళవారం అది. “మనం ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాం?” అని అమ్మ మళ్ళీ అడిగింది. మత్తులోంచి లేచిన రోగులను రోజూ అడిగే ప్రశ్నలే అవి, అదే గొంతు.

“నీ నెత్తి మీద ఉన్నాం. అన్నం తిను” అంది అమ్మమ్మ.

నేను అక్కడే పెరుగన్నం కలుపుకుంటున్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది, అది ఆటలో ముసలాయన అని. అనలేదు, ఎందుకంటే నాకు అందులో వింతేమీ కనిపించలేదు. మొన్న వెళ్ళాడు, ఇవాళ రేవులో కనిపించాడు. దానికి వారం ఎందుకడుగుతున్నారో, అమ్మ కళ్ళెందుకు ఎర్రబడ్డాయో తెలియక, పెద్దవాళ్ళు ఏదో సరదాకి అనుకుంటున్నారనుకున్నాను.

అంతకు ముందే వాళ్ళకు కొన్ని అనుమానాలున్నాయని తర్వాత తెలిసింది. అమ్మమ్మ ఒకసారి పాలగిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది, గిన్నె మాడి నల్లబడింది. నన్ను తరచు లలితా అని పిలిచేది. మర్నాడు అమ్మ కాన్‌బెర్రాలో ఉన్న మామయ్యకు ఫోను చేసి, “షి ఈజ్ కన్ఫ్యూజ్డ్, అన్నయ్యా. నాన్నగారు పడవెక్కమంటున్నారట. మేమిద్దరం డ్యూటీల్లో ఉంటే గ్యాసు దగ్గర తనొక్కతే, పైగా పిల్లతో. నాకు భయంగా ఉంది” అనడం నేను విన్నాను. అప్పుడు నాన్న షూ తొడుక్కుంటూ “పోతున్న అత్తమ్మా” అన్నాడు, అమ్మమ్మ యథాప్రకారం వెళ్ళొస్తాననమంది. నేను అమ్మను అడిగాను, పోతున్నా అంటే తప్పేంటని. “మా వైపు పోవడమంటే చచ్చిపోవడం తల్లీ. మీ నాన్నగారి వైపు మామూలుగా వెళ్ళడం” అంది అమ్మ, ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

అప్పుడు నాకు అంతా అర్థమైంది. అర్థమై కూడా చెప్పలేదు. చెబితే ఆట వల్లే ఇదంతా వచ్చిందని అమ్మ కంప్యూటరు తీసేస్తుందేమోనని ఒక భయం, రంగడు నదికి ఇంకా రెండు అంకాల దూరంలో ఉన్నాడు. ఇంకో భయం నా తెలుగు గురించి. అంతకు ముందొక ఆదివారం తెలుగువాళ్ళ ఇంట్లో భోజనాలకు వెళ్ళినప్పుడు నేను దోమను మగవాణ్ణి చేసి “దోమ వచ్చాడు” అంటే అంకుల్స్, ఆంటీలు పడీపడీ నవ్వారు. అమ్మ మాత్రం మా పిల్లకు అమ్మమ్మ పుణ్యమా అని తెలుగు వచ్చేస్తోందని నలుగురికీ చెప్పుకునేది. ఆవిడ గొప్పగా చెప్పుకునే తెలుగే ఇంత పని చేసిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? రేపు చెబుదాం అనుకున్నాను, మర్నాడు మళ్ళీ రేపు అనుకున్నాను. రెండు వారాల్లో మామయ్య టికెట్ పంపించాడు.

అమ్మమ్మ కాన్‌బెర్రా వెళ్ళిపోయింది. అక్కడ అత్తయ్య ఆవిడను పొయ్యి దగ్గరకు రానిచ్చేది కాదట, కుర్చీలో కూర్చోబెట్టి అన్నీ చేతికి అందించేదట. గౌరవంగానే చూసుకున్నారు. ఆదివారాలు ఫోనులో “రంగడు ఏమయ్యాడే?” అని అడిగేది. నేను ఆట పూర్తి చేశాను గాని నది దొరికిందో లేదో ఇప్పుడు గుర్తు లేదు. ఫోనులో ఏం చెప్పానో కూడా గుర్తు లేదు. మెల్లమెల్లగా నేను ఇంగ్లీషులో జవాబులివ్వడం, ఆవిడ “ఊఁ” అనడం మొదలైంది. కొన్నేళ్ళకు ఆవిడ నిజంగానే అన్నీ మరిచిపోయింది. చివరి ఏడాది వెళ్ళి ఎదురుగా కూర్చుంటే, ఎవరి పిల్లవమ్మా అని అడిగింది. “చూశావా, అప్పుడే మొదలైంది ఇది” అంది అమ్మ కారులో. కాదమ్మా అనలేదు నేను. నా మాట సంగతి అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఈ నోటుబుక్కు. ముసలాయన గుడిసె ఖాళీగా కనిపించిన రోజు పేజీ వెతికి తీశాను. “ముసలాయన పోయాడు” అని నీలం సిరాతో ఉంది. పోయాడు మీద ఎర్ర పెన్సిలు గీత. మార్జినులో అదే పెన్సిలుతో, ప్రెస్సులో ప్రూఫు దిద్దినట్టు, “వెళ్ళాడు.”

అంటే ఆవిడకు తెలుసు. ఎప్పుడు తెలుసు? పేజీ మీద తారీకు లేదు. భోజనాలకు ముందే దిద్దితే, ముసలాయన బతికే ఉన్నాడని తెలిసి కూడా ఆ సాయంత్రం పోయినాయన కనిపించాడని అన్నదంటే, అమ్మ భయపడింది నిజమే, ఆవిడకు అప్పుడే మతి తప్పుతోంది, తప్పు నాది కాదు. భోజనాల తర్వాత దిద్దితే, తప్పు నాదని తెలిసి నోరు మూసుకుని కాన్‌బెర్రా విమానం ఎక్కింది. ఇది చాలనట్టు ఆ పాత ఆట గురించి ఇంటర్నెట్‌లో వెతికాను. దాని అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. గుడిసె వెనకాల ఒక సమాధి రాయి ఉందని, ముసలాయన చచ్చిపోయినట్టే మొదట రాశారని, రేవులో మళ్ళీ కనిపించడం రాసినవాళ్ళ పొరపాటని కొందరంటారు. అలా అయితే నేను చెప్పిన పోయాడే ఒప్పు, అమ్మమ్మ దిద్దిందే తప్పు. పదిహేనేళ్ళ మా నిఖిల్ ఇదంతా విని, “ప్యాచ్ రాలేదా మమ్మీ?” అన్నాడు. ఇప్పటి ఆటలో తప్పు దొరికితే వారంలో సరిచేసి అందరి ఇళ్ళకూ పంపిస్తాం, వాడికి పాత తప్పు ఆడే అవకాశమే ఉండదు. మా రోజుల్లో డిస్కు మీద ఎక్కిన తప్పు ఎక్కినట్టే ఉండేది. అప్పటిదే నయమో ఇప్పటిదే నయమో చెప్పలేను.

అమ్మను అడిగాను. వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. “అమ్మమ్మను కాన్‌బెర్రా ఎందుకు పంపించాం అమ్మా?” అన్నాను, ఏమీ ఎరగనట్టు.

“మనం పంపడమేంటే? తనే వెళ్తానంది. చంటి దగ్గర ఉండాలనిపిస్తోంది, అక్కడ చల్లగా ఉంటుంది అంది. నేను వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను.”

చంటి అంటే మామయ్య. నా చెవులతో నేను విన్న ఫోను ఏమైనట్టు? ఈ మధ్య అమ్మ ఒకే ప్రశ్న పూటకు మూడుసార్లు అడుగుతోంది. మందు వేసుకున్నానా అని నన్నడుగుతుంది, వేసుకున్నావంటే లేదంటుంది. అది చూస్తున్నానని ఆవిడకూ తెలుసు. “ఏంటే, నన్ను ప్రూఫు చూస్తున్నావా?” అని మొన్న నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. డాక్టరుకు చూపించాలి, ఈ వారం కాదు వచ్చే వారం అనుకుంటూ వాయిదా వేస్తున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. నేను ఇక ఆగలేక నోటుబుక్కు ఆవిడ ముందు పెట్టి, ఆ పేజీ చూపించి, మొత్తం చెప్పేశాను. పోయిండు, పోయాడు, రేవు, ముసలాయన, నేను దాచింది, ఎందుకు దాచానో కూడా. నా గొంతు పదకొండేళ్ళ పిల్ల గొంతులా అయిపోయింది. నాకు సిగ్గేసింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టింది.

“ఇది నాకు తెలుసే” అంది.

“ఎలా తెలుసు?”

“ఎయిర్‌పోర్టుకి వెళ్ళే ముందు రోజు చూపించింది. నా ఎదురుగానే దిద్దింది. పిల్ల వాళ్ళ నాన్న మాటకి నా తోక తగిలించిందే, వెళ్ళాడనబోయి పోయాడంది, నాకు ఇవాళ వెలిగింది అంది. నవ్వింది కూడా.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“వద్దంది. తన మాట వల్ల ఇంత జరిగిందని తెలిస్తే పిల్ల ఇంక తెలుగులో నోరెత్తదే, నాకు మతి పోయిందనుకున్నా పర్లేదు, దానికి మాత్రం చెప్పకు అంది.”

“తెలిశాక కూడా పంపించావా అమ్మా?” అన్నాను.

అమ్మ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. “నమ్మలేదే” అంది. “తన పొరపాటు కప్పిపుచ్చుకోవడానికి నీ మీద పెడుతోందనుకున్నాను. మతి తప్పుతున్నవాళ్ళు అలాగే చేస్తారని మాకు చదువులో చెప్పారు. గుర్తు లేని చోట ఏదో ఒక కథ అల్లి అతికించేస్తారు. అది అబద్ధమని వాళ్ళకే తెలీదు. మా అమ్మ కూడా అంతే చేస్తోందనుకున్నాను. నిన్ను అడగొచ్చు కదా? అడగలేదు. అడిగితే నిజమంటావేమోనని.”

నేను చెప్పి ఉంటే అమ్మ నమ్మి ఉండేది. అడిగి ఉంటే నేను చెప్పి ఉండేదాన్ని. ఈ రెండూ నేను ఆ కుర్చీలో కూర్చుని అనుకున్నాను, చాలా దుఃఖం వచ్చింది. దానితో పాటే, అలవాటైన బుద్ధి కదా, ఇంకొకటి కూడా తట్టింది. నిన్న తనే వెళ్తానంది అన్నది, ఇవాళ నేను పంపించాను అంటోంది. రెండూ ఒక్క కథలో ఉండవు. ఒకటి అసలు జరగలేదు. నేనింత ఏడుస్తూ చెబితే నన్ను ఓదార్చడానికి ఈ ఎయిర్‌పోర్టు ముందు రోజును ఇప్పుడే అల్లిందా? లేక నిన్నటిదే అల్లికా? ఆఫీసులో అయితే ఇలాంటి చోట నేను ఎర్ర రంగు పెట్టి, రెండింటిలో ఏది ఉంచాలో తేల్చమని రాసినవాళ్ళకు పంపిస్తాను.

అమ్మ నా మొహంలోకి చూస్తూ ఉంది. ఎన్ని వేల మందిని మత్తులోంచి లేపి, పేరేంటి, ఏ వారం, ఏ ఊరు అని అడిగి, జవాబు సరిపోయిందో లేదో వాళ్ళ కళ్ళలో చూసిందో. ఇప్పుడు నా కళ్ళలో చూస్తోంది.

“మాధవీ,” అంది మెల్లగా, “నిన్న నీకు ఇంకోలా చెప్పానా?”

“లేదమ్మా,” అన్నాను. “నిన్న కూడా ఇలాగే చెప్పావు.”